లాండ్రీ సూత్రం

ఎనిమిది మంది పెట్టేశారు, నా ఒక్కదాని సంతకమే మిగిలింది. అంతే కదా బాబూ మీరు చెప్పొచ్చేది? ఈ ముక్క నిన్న ఫోన్లో చెప్పారు, పొద్దున మళ్లీ ఫోన్లో చెప్పారు, ఇప్పుడు కారేసుకొచ్చి మూడోసారి చెబుతున్నారు. చెవుడు మా ఆయనకి. నాకు కాదు.

అదిగో, వెనక గదిలో దుప్పట్లు మడత పెడుతున్నారే, ఆయనే. పలకరించలేదని ఏమనుకోకండి. మీరొచ్చిన సంగతే ఆయనకి తెలీదు.

కూర్చోండి. కుర్చీ మీద మూట తీసి కింద పెట్టండి, ఏం కాదు, ఉతకాల్సినవే. ఫైలు మాత్రం బల్ల మీద పెట్టకండి, తడిగా ఉంది. ఒళ్లోనే పెట్టుకోండి. దేశం పిల్లల చదువంతా అందులోనే ఉంది కదా, తడవకూడదు.

సోమవారం అచ్చుకెళ్లాలి, తెలుసు. ఛైర్మన్‌గారికి ఏకగ్రీవం కావాలి, అదీ తెలుసు. 'సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన' అని మొదటి పేజీలోనే కొట్టించేశారుగా. నాకు పంపిన కాపీలో చూశాను. నేను పెన్ను పట్టుకోకముందే నా ఒప్పుకోలు అచ్చయిపోయింది. ప్రభుత్వం పనులు నత్తనడకని ఎవరంటారో గానీ, వాళ్లు మిమ్మల్ని చూసి ఉండరు.

లేదు లేదు, మీ మీద నాకు కోపం లేదు. మీరు కమిటీ కార్యదర్శి. చెప్పింది రాస్తారు, రాసింది మోస్తారు. మీ మీద కోపం తెచ్చుకోవడమంటే పోస్టు డబ్బా మీద కోపం తెచ్చుకోవడమే.

'ఉన్నత విద్యకు రేపటి నిధులు'. పేరు ఎంత బాగుందో. కాలేజీలకీ యూనివర్సిటీలకీ ఇకముందు డబ్బు ఎక్కడినుంచి రావాలి, ఎవరు పెట్టాలి? ప్రభుత్వమా, చదివే పిల్లలా, వాళ్లని కన్నవాళ్లా, ఇంకెవరైనానా? ఇదీ తేల్చాల్సింది. దానికి తొమ్మిది మంది, ఏడాదిన్నర, తొమ్మిది సమావేశాలు. మనిషికో నీళ్ల సీసా, మనిషికో కొత్త పెన్ను. ఆ గదిలో ఎంత చలో. రెండోసారి నుంచి శాలువా కప్పుకుని వచ్చేదాన్ని. పిల్లల ఫీజుల గురించి మాట్లాడ్డానికి గదిని అంత చల్లబరచడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మొదట మీరు ఈ షాపుకొచ్చి కాగితం చేతిలో పెట్టినప్పుడు నేనేమన్నాను, గుర్తుందా? 'నేనెందుకు బాబూ, నేను పదో తరగతి కూడా దాటలేదు' అన్నాను. 'ముప్పై ఏళ్లుగా హాస్టల్ పిల్లల దుప్పట్లు ఉతుకుతున్నారు, వాళ్ల కష్టసుఖాలు మీకంటే ఎవరికి తెలుసమ్మా' అన్నారు మీరు. ఎంత కమ్మగా అన్నారో. రెండు రోజులు ఆ మాటే నెమరేసుకున్నాను. తర్వాత కదా తెలిసింది. డిగ్రీ లేని మనిషి ఒకరుండాలని రూలు. ఛైర్మన్‌గారికి అలాంటి మనుషులెవరూ తెలీదు. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసే ఆవిడ ఒక్కతే తెలుసు.

సరే, అలాగే అనుకోండి. దుప్పట్ల గురించి నాకు తెలిసిన మాట నిజమే. ఫీజు కట్టాల్సిన నెల ఉంటుంది చూడండి, ఆ నెల హాస్టల్ నుంచి సగం దుప్పట్లు రావు. వాళ్లే ఏ బాత్రూంలోనో ఉతికేసుకుని మేడ మీద ఆరేస్తారు. ముప్పై ఏళ్లు చూశాను. ఆరేసిన దుప్పట్లు లెక్కపెడితే చాలు, ఎంతమంది ఇబ్బందిలో ఉన్నారో తెలిసిపోతుంది. ఈ సంగతి చెబుదామనే మొదటి సమావేశానికొచ్చాను. ఎవరైనా అడిగారా? రెండో దానిలో అడిగారా? మూడో దానిలో?

మీ ఆర్థికశాస్త్రం పెద్దాయన, నేను శాతాల సార్ అని పేరు పెట్టుకున్నాను ఆయనకి, ఆయన నోట్లోంచి శాతం లేని మాట ఒక్కటి రాలేదు. ఓసారి భోజనం దగ్గర 'కొంచెం పెరుగు వేయమంటారా' అంటే 'యాభై శాతం' అన్నారు. నవ్వుతాలుకి కాదు. నిజంగానే అన్నారు.

ఆ సార్ మూడో సమావేశంలో నన్ను వేలితో చూపించారు, మీరు రాసుకునే ఉంటారు. 'ఈ అమ్మ కడుతున్న పన్నుతో ఓ డబ్బున్నవాడి కూతురు యూనివర్సిటీలో ఎందుకు చదవాలి? ఇది న్యాయమా?' అన్నారు. అందరూ నావైపు జాలిగా చూశారు. అబ్బో, నాకెంత అన్యాయం జరుగుతోందో అని నేనే నామీద జాలిపడ్డాను. డబ్బున్నవాడి దగ్గర పన్ను ఇంకాస్త గట్టిగా తీసుకుంటే సరిపోతుంది కదా అని అప్పుడు తోచలేదు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే తోచింది. అక్కడున్న డబ్బున్నవాళ్లకి మాత్రం ఎప్పుడో తోచే ఉంటుంది. అందుకే గదా నన్ను అడ్డం పెట్టుకున్నారు.

వస్తున్నాను బాబూ, సంతకం దగ్గరికే వస్తున్నాను. వాచీ చూసుకోకండి. ఏడాదిన్నర మీ మాటలు విన్నాను, ఓ అరగంట మీరు వినలేరా?

నాలుగో సమావేశం. ఛైర్మన్‌గారికి నేనున్నానని గుర్తొచ్చింది. 'మీరేమంటారమ్మా?' అన్నారు. దుప్పట్ల సంగతి చెబుదామనుకున్నదాన్ని కాస్తా మరిచిపోయి, ఏదో ఒకటి అనాలి కదాని ఇలా అన్నాను: 'మా షాపులో ముందు డబ్బులు తీసుకోమండీ. బట్ట తీసుకెళ్లేటప్పుడు చూసుకుని ఇస్తారు. మరక పోలేదంటే పైసా తీసుకోం.'

అంతే. నేనన్నది అంతే. మూడంటే మూడు ముక్కలు.

ఛైర్మన్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. 'ఇదీ అసలు మాట' అన్నారు. శాతాల సార్ లేచి, బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు, 'లాండ్రీ సూత్రం' అని. సభ్యుల్లో ఒకాయనకి ఫ్యాక్టరీలున్నాయి, ఆ ఫ్యాక్టరీలాయన చప్పట్లు కొట్టారు. నన్ను మునగచెట్టెక్కించారంటే మామూలుగా ఎక్కించలేదు బాబూ, చిటారు కొమ్మ మీద కూర్చోబెట్టారు. పేపర్లో ఫొటో కూడా వేయించారు. 'చదువుకి దారి చూపిన లాండ్రీ ఆవిడ' అని. అదిగో ఆ గోడ మీద టేపు మరకలు నాలుగు కనిపిస్తున్నాయి చూడండి, అక్కడ అంటించాను. వచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను. బట్టలు తీసుకోవడానికొచ్చిన వాళ్లు అది చదివేదాకా బట్టలివ్వలేదు.

ఆ తర్వాత నా మాటని ఎలా ఉతికారో చూడండి.

పిల్లవాడు చేరేటప్పుడు ఏమీ కట్టక్కర్లేదు. బాగుంది. వాడి చదువుకి డబ్బు పెట్టేది పెట్టుబడి కంపెనీ. సరే. చదువయ్యాక ఉద్యోగమొస్తే, జీతంలో ఓ వాటా పాతికేళ్లపాటు ఆ కంపెనీకి. ఏ పిల్లవాడి మీద డబ్బు పెట్టాలో, ఏ చదువు మీద పెట్టాలో కంపెనీవాళ్ల ఇష్టం. ప్రభుత్వం ఏటా కొంచెం కొంచెం తప్పుకుంటూ పదేళ్లలో చేతులు దులుపుకుంటుంది. ఏ చదువు చదివితే పెద్ద జీతాలు రావో, ఆ శాఖ 'మరక పోని బట్ట'. అంటే మూసేయడమే. ఇదంతా కలిపి లాండ్రీ సూత్రం. అది నేను చెప్పానట.

ఇలాంటి లాండ్రీ ఎక్కడైనా ఉందా బాబూ? మా షాపులో మంచి బట్ట ఉతుకుతాం, చిరుగు బట్ట ఉతకం అని ఎప్పుడైనా అన్నామా? ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని ఒకడు ఉద్యోగానికెళితే, వాడి వెనకాలే పాతికేళ్లు తిరిగి, 'ఆ చొక్కా మేమే ఇస్త్రీ చేశాం, జీతంలో మా వాటా ఏదీ' అని అడుగుతామా? ఒకసారి ఇస్తారు, వెళ్లిపోతారు. మీరు కట్టింది లాండ్రీ కాదు, ఇంకేదో. దానికి నా పేరు పెట్టారు.

ఈ మాట అక్కడే ఎందుకనలేదంటారా? చెప్తాను. ఆగండి.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. మీ మినిట్సులో మా ఆయన లేరు కదా.

ఆ వెనక పెద్ద మెషీను చూశారా, బట్టలు పిండేది? ఇది కొత్తది. పాతదాని మోత వేరు. దాని పక్కన ఇరవై ఆరేళ్లు నిలబడ్డారాయన. ముందు ఎడమ చెవి పోయింది, మూడేళ్లకి కుడిది. డాక్టరు చూసి, 'లోపల నరం పోయింది, చెవిలో పెట్టుకునే మిషను వల్ల లాభం లేదు' అన్నాడు. అప్పటికి మా అమ్మాయికి పదేళ్లు.

చెవుడంటే జనం నవ్వుతారు గానీ బాబూ, అది మనిషిని మెల్లగా ఇంట్లోంచి ఖాళీ చేయిస్తుంది. ఎవరేమన్నా మా ఆయన తల ఊపేవారు. 'చొక్కా కాలిపోయిందయ్యా' అని ఒకాయన అరుస్తుంటే నవ్వుతూ తల ఊపారు. ఆ వచ్చినవాడు కొట్టబోయాడు. ఆ రోజు నుంచి ముందు గదిలోకి రావడం మానేశారు. తర్వాత బజారుకెళ్లడం మానేశారు. తర్వాత మాట్లాడ్డం కూడా మానేశారు. తన గొంతు తనకే వినపడకపోతే ఎంత గట్టిగా మాట్లాడుతున్నామో తెలీదట, సిగ్గట. రెండేళ్లు ఈ ఇంట్లో ఆయన గొంతు వినలేదు నేను.

అప్పుడు యూనివర్సిటీ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. చెవిటి పిల్లలకి చదువు చెప్పే టీచర్లని తయారుచేసే శాఖ ఒకటుంది అక్కడ. దాని హెడ్డు. దుప్పట్లు వేయడానికొచ్చి, ఈయన్ని చూసి, 'శనివారం శనివారం మా దగ్గర ఇంట్లోవాళ్లకి చేతులతో మాట్లాడ్డం నేర్పుతాం, రండి' అంది. ఆయన రానని అడ్డంగా తల ఊపారు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

ఎనిమిది శనివారాలు వెళ్లారు ఇద్దరూ. ఎనిమిదోది అయ్యాక, ఇదే గదిలో, ఆయన చేతులతో ఏదో చేసి చూపించారు. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఏంటే అంటే, చొక్కా కాలిపోయిందని అరిచినాయన ఎలా ఊగిపోయాడో చూపించారట. రెండేళ్ల తర్వాత ఆయన వేసిన మొదటి జోకు.

ఇప్పుడు చెప్పండి. ఆ నవ్వుకి డబ్బు ఎవరు కట్టాలి? మా ఆయన కాలేజీ గుమ్మం తొక్కిన మనిషి కాదు. ఆ టీచరమ్మ చదువుకి ఆయన పైసా ఇవ్వలేదు, ఆయన నుంచి ఆవిడ పైసా అడగలేదు. ఆవిడ జీతంలో వాటా తీసుకుంటే కంపెనీకి ఏపాటి వస్తుంది? వీధి దీపం కింద నడిచినవాడల్లా కట్టి పోవాలంటే ఏ వీధిలోనైనా దీపం ఉంటుందా? అందరం ముందే కడతాం. ఎవరు నడుస్తారో తెలీకుండానే కడతాం. చదువు కూడా అంతే కదా. ఇందులో అంత పెద్ద చిక్కేముంది, ఏడాదిన్నర ఆలోచించడానికి?

మా అమ్మాయి ఇప్పుడు ఆ శాఖలోనే చదువుతోంది. రెండో సంవత్సరం. 'కంప్యూటర్లు చదవవే' అని అందరూ చెప్పారు. నేనూ చెప్పాను. వినలేదు.

ఆ టీచరమ్మే మీ ఆరో సమావేశానికొచ్చింది. శాఖ తరఫున పది నిమిషాలు మాట్లాడమని మీరే పిలిచారు. గుర్తుందా, నెరిసిన జుట్టు, చేతిసంచీ? పాపం, బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టారు.

లోపలికొచ్చి నోరు తెరిచీ తెరవకముందే శాతాల సార్ అడిగారు, 'మీ దగ్గర చదివినవాళ్ల సగటు జీతం ఎంత?' ఆవిడ చెప్పింది. ఆయన రాసుకుని, గీత గీసేశారు. అయిపోయింది. ఆవిడ మాత్రం వదల్లేదు. 'నా విద్యార్థిని ఒకమ్మాయి ఒకే బడిలో పదేళ్లలో నలభై మంది చెవిటి పిల్లలకి చదువు చెప్పిందండీ. అందులో ముప్పై ఒక్కమంది ఈరోజు వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడ్డారు. ఆ ముప్పై ఒక్క జీతాలు ఏ లెక్కలో వేస్తారు?' అంది.

శాతాల సార్ ఏమన్నారో మీరు రాశారో లేదో. 'అది ఆ బడి లెక్కలోకి వస్తుంది, మీ శాఖ లెక్కలోకి రాదు' అన్నారు. అనేసి బిస్కెట్టు తీసుకున్నారు.

ఆవిడ నావైపు చూసింది. నేను ఎవరో ఆవిడకి తెలుసు కదా. ఈ బల్ల దగ్గర నిలబడి నాతో ఎన్నోసార్లు మాట్లాడిన మనిషి. ఆ తొమ్మిది మందిలో ఒక్కరైనా నోరు విప్పుతారంటే అది నేనే అయ్యుండాలి.

నేను నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాను. మూత తిప్పి తీశాను, తిప్పి పెట్టాను.

అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య ఏం మాట్లాడతానులే అనుకున్నాను. అదొక సాకు. నిజం అడుగుతారా? నా పేరు మీద సూత్రం ఉంది. పేపర్లో ఫొటో ఉంది. దానికి అడ్డం మాట్లాడితే నేనే దిగిపోవాలి, చిటారు కొమ్మ మీదనుంచి.

ఇంక రిపోర్టు వెనక అతికించిన అనుబంధం సంగతి. చివరి సమావేశానికి రెండు రోజుల ముందు ఇంత లావు కట్ట పంపించారు మీరు. ఎవరైనా చదివారా? ఒట్టేసి చెప్పండి, మీరు చదివారా? నేను చదివాను. లాండ్రీలో పనిచేసే వాళ్లకి ప్రతి జేబూ వెతకడం అలవాటు. ఏ జేబులో పెన్నుంటే ఆ ఒక్క పెన్నూ బట్టలన్నింటినీ పాడుచేస్తుంది. వేలు పెట్టుకుని పేజీ పేజీ చదివాను. మూసేయాల్సిన శాఖలు పంతొమ్మిది. పద్నాలుగోది ఏదో నేను చెప్పక్కర్లేదుగా.

పదిహేనోది నేలల గురించి చదివేది. పదహారోది పాత లిపులు చదివేది. అన్నిటికీ ఒకటే కారణం రాశారు, 'రాబడి చాలదు'. పంతొమ్మిదిసార్లు అదే మాట. కనీసం మాట మార్చి రాయడానికి కూడా ఓపిక లేకపోయింది.

అవును. అవునండీ, మీరన్నది నిజమే. చివరి సమావేశంలో చేతులెత్తమన్నప్పుడు నేనెత్తాను. మినిట్సులో ఉంది, నాకు చదివి వినిపించక్కర్లేదు. 'సామాన్య పౌర సభ్యురాలు సమర్థించారు.' అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే. ఛైర్మన్‌గారు ఎంత మురిసిపోయారో.

అదే అడుగుతున్నారు కదా మీరు ఇందాకటి నుంచి. అంతా చదివి, అంతా తెలిసి, చెయ్యెందుకెత్తానని.

ఇది మీ మినిట్సులో లేదు. వినండి.

అనుబంధం చదవగానే ఛైర్మన్‌గారికి ఫోన్ చేశాను. 'అయ్యా, పద్నాలుగోదాంట్లో మా అమ్మాయి చదువుతోంది' అన్నాను. చూడండి, ఆ శాఖ లేకపోతే రేపు చెవిటి పిల్లలకి ఎవరు చెబుతారని అడగలేదు. మా ఆయన గురించి చెప్పలేదు. మా అమ్మాయి అన్నాను. అదొక్కటే అన్నాను.

ఆయన ఎంత మెత్తగా మాట్లాడారో. 'అయ్యో, ముందే చెప్పొద్దా అమ్మా? ఒక్క వాక్యం కలిపిద్దాం. ఇప్పటికే చేరిన విద్యార్థులకి ఇది వర్తించదని. మీ అమ్మాయి నిక్షేపంగా పూర్తిచేసుకుంటుంది' అన్నారు. మర్నాటికల్లా కలిపించి, కొత్త కట్ట పంపించారు. డెబ్బై నాలుగో పేజీ, కింద, చిన్నక్షరాలు. చూడండి కావలిస్తే. ఏడాదిన్నర కూర్చుని మీరంతా రాసిన దాంట్లో, ఒక మనిషి కోసం రాసిన వాక్యం అదొక్కటే.

నేనేమన్నానో తెలుసా? 'మీ రుణం ఉంచుకోను సార్' అన్నాను. రెండు రోజుల తర్వాత చెయ్యెత్తి తీర్చేసుకున్నాను.

ఇప్పటిదాకా ఎవరిని తిడుతున్నానో అర్థమైందా? శాతాల సార్ నయం. ఆయన నమ్మిందే చెబుతాడు, తప్పైనా నమ్మి చెబుతాడు. ఫ్యాక్టరీలాయన నయం. తనకేం కావాలో ఆయనకి తెలుసు. నేనో, తప్పని తెలిసి, ఎవరికి తప్పో కూడా తెలిసి, నా పిల్ల ఒక్కతీ దాటేస్తే చాలని గేటు మూసేశాను. అందుకు నా చెయ్యే అందరికంటే ముందు లేవాలా?

మా అమ్మాయి చదివింది. నేనే బల్ల మీద వదిలేశాను ఆ కట్ట. దాచాలని కూడా తోచలేదు. డెబ్బై నాలుగో పేజీ దగ్గర ఆగింది. ఆ వాక్యం ఎవరు రాయించారో దానికి చెప్పాల్సిన పని లేదు, తెలివైన పిల్ల. 'అమ్మా, అయితే మాదే చివరి బ్యాచా?' అంది.

'నీ చదువుకేం ఢోకా లేదు' అన్నాను.

'నేనడిగింది అది కాదు' అంది.

అదే చివరి మాట నాతో. పదకొండు రోజులైంది. కాలేజీకి వెళుతుంది, వస్తుంది, ఆరేసిన దుప్పట్లు తీస్తుంది, పని ఏదీ ఆపలేదు. మాట మాత్రం లేదు.

ఆ సాయంత్రం ముగ్గురం అన్నం తింటున్నాం. అది కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కొచ్చి, వాళ్ల నాన్నకి ఎదురుగా కూర్చుంది. చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. ఆయన మధ్యలో ఏదో అడిగారు. అది మళ్లీ చెప్పింది. ఆయన నావైపు తిరిగి చూశారు, మళ్లీ దానివైపు తిరిగారు.

నా గురించే. నా ఎదురుగానే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు బాబూ. వాళ్లిద్దరూ శనివారాలు వెళ్లినప్పుడు నేను షాపు చూసుకోవాలి కదా, నేర్చుకోలేదు. తిను, రా, పడుకో, ఇలాంటివి నాలుగు వచ్చు. ఇంట్లో రెండు చెవులూ పనిచేసే మనిషిని, నేనొక్కదాన్నే ఏమీ తెలీకుండా ముద్ద మింగుతూ కూర్చున్నాను.

ఆయన కోప్పడలేదు. లేచి వెళ్లి గోడ మీదున్న ఆ పేపరు ఫొటోని నాలుగు మూలలా జాగ్రత్తగా, చిరగకుండా తీసి, మడత పెట్టి, తెచ్చి నా కంచం పక్కన పెట్టారు. చింపేసినా బాగుండేది.

సరే. ఇంక మీ పని చూద్దాం.

ఇవి రెండు కాగితాలు. నేనే రాశాను. తప్పులుంటాయి, దిద్దకండి. పైన 'అసమ్మతి' అని పెట్టాను, ఆ మాట మీ రిపోర్టులోంచే నేర్చుకున్నాను. లాండ్రీ సూత్రం నాది కాదని రాశాను. కాలేజీలకి డబ్బు అందరి పన్నులోంచి ముందే రావాలని, ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవాలని, జీతం చూసి చదువుకి విలువ కట్టకూడదని రాశాను. దుప్పట్ల సంగతి కూడా రాశాను, ఎవరూ అడక్కపోయినా. 'నేను మొదటినుంచీ దీనికి వ్యతిరేకం' అని ఒక వాక్యం రాసి, కొట్టేశాను. కొట్టివేత అలాగే ఉండనివ్వండి. చెయ్యెత్తిన సంగతీ, ఫోన్ సంగతీ కింద రాశాను.

ఇవి జతచేస్తే సంతకం పెడతాను, ఈ రెండు కాగితాల కింద. మీ దాని కింద కాదు.

ఏకగ్రీవం పోతుందా? పోతే 'అత్యధిక మెజారిటీతో' అని మార్చుకోండి. ఎనిమిదికి ఒకటి. శాతాల సార్‌ని అడగండి, ఎనభై ఎనిమిది చిల్లర అని టక్కున చెబుతారు. ఆగిపోతుందనేం నేననుకోవడం లేదు. కంపెనీలవాళ్లు సంచులు విప్పుకుని కూర్చున్నారు, ప్రభుత్వం ఎప్పుడు తప్పుకుందామా అని చూస్తోంది. నా రెండు కాగితాలూ అన్నిటికంటే వెనక, ఎవరూ తిప్పని పేజీల్లో ఉంటాయి. పంతొమ్మిదీ మూసేస్తారు. టీచరమ్మ చేతిసంచీ తీసుకుని ఇంటికి పోతుంది. తెలుసు బాబూ.

ఏంటి, పెద్ద ధైర్యమే చేశారమ్మా అంటున్నారా? ఆ మాట మాత్రం అనకండి. అదొక్కటీ నేను మోయలేను.

నిన్నటిదాకా ఈ కాగితాలు లేవు. పదకొండు రోజులు ఎదురుచూశాను, అది మామూలుగా 'అమ్మా' అంటుందేమోనని. రోజూ గుమ్మంలో అడుగులు వినపడగానే చెవులు రిక్కించాను. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు అది నన్ను పిలిచి ఉంటే, మీరు ఇంత దూరం రావాల్సిన పనే ఉండేది కాదు. మొదటి ఫోన్‌కే వచ్చి సంతకం పెట్టేసేదాన్ని.